అన్‌కోలా బిల్‌బోర్డ్ పోస్టర్లు సేకరించాలనుకుంటున్నారా? తరచుగా అడిగే ప్రశ్నలు

నేను సెయింట్ లూయిస్ దగ్గర ఉంటాను. సెవెనప్ పుట్టిన ఊరు ఇదే. ఒకప్పుడు సెవెనప్‌ని ‘అన్‌కోలా’ అంటూ ప్రచారం చేసిన పాత బిల్‌బోర్డ్ పోస్టర్లు కొన్నేళ్లుగా సేకరిస్తున్నాను. మా ఇంటికి వచ్చిన తెలుగువాళ్లు గోడ మీద ఉన్నది చూసి అడిగే ప్రశ్నలు దాదాపు ఒకటే రకంగా ఉంటాయి. వాటికి జవాబులు ఒకచోట రాసిపెడితే, ఈ దారిలోకి కొత్తగా వచ్చేవాళ్లకి నేను చేసిన తప్పులు తప్పుతాయని ఇది రాస్తున్నాను.

ఇవి అసలు ఏమిటి?

1969 నుంచి దాదాపు 1975 దాకా అమెరికాలో రోడ్ల పక్కన పెట్టిన సెవెనప్ ప్రకటన బోర్డుల కోసం అచ్చువేసిన పెద్ద కాగితం పోస్టర్లు. రేకు బోర్డులు కావు, చేత్తో పెయింట్ చేసినవీ కావు. అప్పట్లో శాన్‌ఫ్రాన్సిస్కో సంగీత కచేరీల పోస్టర్లలో ఒక కొత్త శైలి వచ్చింది. కరిగి పారుతున్నట్టుండే అక్షరాలు, పక్కపక్కన పెడితే కళ్లు జిగేల్‌మనిపించే రంగులు. దాన్నే సైకడెలిక్ అన్నారు. ఆ శైలిని ఒక కూల్‌డ్రింక్ కంపెనీ ఊరూరా నిలువెత్తు బోర్డుల మీదికి ఎక్కించింది. సీతాకోకచిలుక రెక్కల మధ్య ఆకుపచ్చ సీసా, సూర్యుడు, ఇంద్రధనుస్సు, పూలు, బుడగలు. కారులో వెళ్లేవాడికి నాలుగైదు క్షణాలు కనపడే బొమ్మ మీద ఇంత పనితనం పెట్టారంటే నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది.

అన్‌కోలా అంటే ఏమిటి?

కోలా కానిది అని. మనకి అనర్హుడు, అనంతం లాంటి మాటల ముందు ‘అన్’ ఏ పని చేస్తుందో ఇంగ్లీషులో ఈ ‘అన్’ కూడా అదే పని చేస్తుంది. అది ముందు చేరితే తర్వాత వచ్చేది కాదు, లేదు అని అర్థం. కాకపోతే కోలా అనే పేరుకి దాన్ని ఎవరూ తగిలించరు. ఆ తగిలించడంలోనే ఉంది తమాషా అంతా.

దీని వెనక చాలా కథ ఉంది. చార్లెస్ లీపర్ గ్రిగ్ అనే ఆయన 1929లో, స్టాక్ మార్కెట్ కుప్పకూలడానికి కాస్త ముందు, ఈ నిమ్మ పానీయాన్ని మార్కెట్లోకి తెచ్చారు. మొదటి పేరు చాంతాడంత ఉండేది. బిబ్ లేబుల్ లిథియేటెడ్ లెమన్ లైమ్ సోడా. పేరులో ఉన్నట్టే అందులో లిథియం లవణం ఉండేది. దాన్ని 1948 ప్రాంతంలో తీసేశారు. ఆ తర్వాత చాలాకాలం జనం సెవెనప్‌ని కడుపు బాగాలేనప్పుడు తాగేదిగానో, విస్కీలో కలుపుకునేదిగానో చూశారు. దాహానికి తాగేది అంటే కోలా అన్నట్టే ఉండేది వాళ్ల లెక్క. ఆ లెక్క మార్చడానికి జె. వాల్టర్ థాంప్సన్ అనే ప్రకటనల సంస్థ చికాగో ఆఫీసువాళ్లు 1960ల చివర్లో ఈ మాట పుట్టించారు. పెద్దవాళ్లు చెప్పినదానికల్లా ఎదురు తిరుగుతున్న కుర్రకారు రోజులవి. అందరూ తాగేది నేను తాగను అనే మాట వాళ్లకి సూటిగా తగిలింది.

ఈ పేరుని ట్రేడ్‌మార్క్‌గా నమోదు చెయ్యకూడదని కోకాకోలా కంపెనీ అడ్డుపడింది. కేసు అప్పీలు కోర్టు దాకా వెళ్లి, 1974లో సెవెనప్‌కి అనుకూలంగా తీర్పు వచ్చింది.

బొమ్మలు ఎవరు వేశారు?

ఒక్కరు కాదు. ప్యాట్ డైపోల్డ్, ఎడ్ జార్జ్, కిమ్ వైట్‌సైడ్స్ లాంటి చాలామంది చిత్రకారులతో వేయించారు. అందుకే ఒక పోస్టర్‌కీ ఇంకో పోస్టర్‌కీ చెయ్యి తేడా తెలుస్తుంది. నాకు డైపోల్డ్ అంటే ప్రత్యేకమైన ఇష్టం. ఆవిడ రంగులు గీతల్లోంచి బయటికి పొంగవు. కత్తిరించి పేర్చినట్టు శుభ్రంగా నిలబడతాయి. అమ్మేవాళ్లు చిత్రకారుల పేర్లు తారుమారు చెయ్యడం మామూలే కాబట్టి, పోస్టర్ మీదే సంతకం ఉంటే తప్ప పేరుని బట్టి ధర పెంచి ఇవ్వకండి.

వేలల్లో అచ్చేసినవి కదా, మరి ఇంత తక్కువగా ఎందుకు దొరుకుతాయి?

నన్ను ఈ సేకరణలోకి లాగిన సంగతి ఇదే కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

బిల్‌బోర్డ్ పోస్టర్ ఆయుష్షు నెల రోజులు. నెల తిరిగేసరికి దాని మీద ఇంకో కంపెనీ పోస్టర్ అంటించేస్తారు. దాని మీద మరొకటి. పొరలు మరీ మందమైతే అన్నీ కలిపి పెచ్చులుగా ఊడగొట్టి చెత్తలో పారేస్తారు. విజయవాడలో సినిమా పోస్టర్ల గోడలు చూసినవాళ్లకి ఇది వేరే చెప్పక్కర్లేదు. అంటే రోడ్డెక్కిన ప్రతి పోస్టరూ పోయినట్టే. ఈరోజు మన చేతికి వస్తున్నవి అసలు రోడ్డెక్కనివి. సెవెనప్‌ని ఊరూరా బాట్లింగ్ చేసి అమ్మేది ఫ్రాంచైజీ తీసుకున్న స్థానిక కంపెనీలు. వాళ్ల గోడౌన్లలోనో, బోర్డుల కంపెనీ షెడ్డులోనో అదనంగా తెప్పించిన కట్టలు మిగిలిపోయాయి. మడత విప్పకుండా నలభై యాభై ఏళ్లు పడి ఉన్నాయి.

కాబట్టి మనం కొనే ప్రతి పోస్టరూ, దేనికోసం పుట్టిందో ఆ పని ఒక్కరోజు కూడా చెయ్యనిది. దాన్ని విప్పి పూర్తిగా పరిచిన మొదటి మనిషి మీరే అయి ఉండొచ్చు. అందుకే దీన్ని వస్తువు కొన్నట్టు కాకుండా బాధ్యత తీసుకున్నట్టు చూడమని అందరికీ చెప్తుంటాను.

ఎంత పెద్దగా ఉంటాయి? ‘24 షీట్’ అంటే 24 ముక్కలా?

మన సినిమావాళ్ల దగ్గర కూడా ఈ మాట విన్నారు కదా, ఆరు షీట్ల పోస్టర్, ఇరవైనాలుగు షీట్ల పోస్టర్ అని. అమెరికా బోర్డుల వ్యాపారంలోనూ అదే లెక్క. 24 షీట్ పోస్టర్ ఎత్తు 8 అడుగుల 8 అంగుళాలు, వెడల్పు 19 అడుగుల 6 అంగుళాలు. 30 షీట్ అయితే ఎత్తు 9 అడుగుల 7 అంగుళాలు, వెడల్పు 21 అడుగుల 7 అంగుళాలు. వెనకటి రోజుల్లో చిన్న ప్రెస్సుల మీద అన్ని ముక్కలుగానే అచ్చేసేవారు. ప్రెస్సులు పెద్దవయ్యాక ముక్కలు తగ్గాయి, పేరు మాత్రం ఉండిపోయింది. ఇప్పుడు మీకు దొరికే కట్టలో పదీ అటూఇటూగా షీట్లు ఉంటే కంగారు పడకండి.

సెట్ పూర్తిగా ఉందో లేదో ఎలా తెలుసుకోవాలి?

డబ్బులు ఇవ్వకముందు చెయ్యాల్సిన అతి ముఖ్యమైన పని ఇదే. చాలా పోస్టర్లకి అంచు తెల్లకాగితం మీద షీటు నంబర్ అచ్చేసి ఉంటుంది. ప్రతి నంబర్‌కీ ఫొటో అడగండి. ‘కట్ట విప్పలేదండీ, కానీ పూర్తిగానే ఉంది’ అంటే నమ్మకండి. విప్పకుండా పూర్తిగా ఉందని ఎవరికీ తెలియదు.

నాకు ఎదురైన సంగతి చెప్తాను. ఒక అమ్మకందారు దగ్గర పూర్తి సెట్ అని ఒక కట్ట కొన్నాను. మా ఇంట్లో పరిచే చోటు లేక, గుడి కమ్యూనిటీ హాల్ ఒక ఆదివారం సాయంత్రం అడిగి తీసుకుని, నేల తుడిచి, దుప్పట్లు పరిచి, వాటి మీద షీట్లు పేర్చడం మొదలుపెట్టాను. పాత కాగితం వాసన హాలంతా కమ్ముకుంది. మడత దగ్గర కాగితం చిన్నగా పటపటమంటుంటే నాకు గుండెలు అదిరాయి. మా స్నేహితుడి నాన్నగారు అప్పుడే ఇండియా నుంచి వచ్చి ఉన్నారు. విజయవాడ గాంధీనగర్‌లో ఒక సినిమా డిస్ట్రిబ్యూషన్ ఆఫీసులో చాలాకాలం పనిచేసిన మనిషి. నేను పై వరస ముందు పేరుస్తుంటే ఆపేశారు.

“కింది వరస ముందు పెట్టు బాబూ. పై షీటు అంచు కింది షీటు మీదికి రావాలి. లేకపోతే వాన నీళ్లు సందులోకి దిగి పోస్టర్ ఊడిపోద్ది.”

“ఇక్కడ వాన లేదుగా బాబాయ్ గారూ.”

“వాన లేకపోయినా అచ్చేసినవాడు అలా అనుకునే అచ్చేశాడు. చూడు, పై షీటుకే అంచు దాకా రంగు ఉంది. కింది షీటు పైన తెల్లగా వదిలేశాడు.”

వంగి చూస్తే నిజంగానే అలాగే ఉంది. అన్నేళ్లు ఆ కాగితాలు తిరగేస్తూ నేను గమనించని విషయం. ఆయన చెప్పినట్టు పేర్చుకుంటూ వస్తే సీసా మెడ దగ్గర సరిగ్గా ఒక షీటు ఖాళీ. మూత, మెడ ఉండాల్సిన చోట హాలు నేల కనపడుతోంది. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. అమ్మినాయన ఫోన్ ఎత్తలేదు. ఆ షీటు ఇప్పటికీ దొరకలేదు, వెతుకుతూనే ఉన్నాను.

అసలుదో, ఈమధ్య అచ్చేసిందో ఎలా తెలుస్తుంది?

ఒక భూతద్దం కొనుక్కోండి. పదింతలు పెద్దగా చూపించేది చాలు. ఆఫ్‌సెట్‌లో అచ్చయినదైతే రంగు చుక్కలు వరసగా, చిన్న పువ్వు రేకుల్లా పేర్చినట్టు కనపడతాయి. బిల్‌బోర్డ్ దూరం నుంచి చూసేది కాబట్టి ఆ చుక్కలు చాలాసార్లు మామూలు కళ్లకే కనపడేంత పెద్దవి. స్క్రీన్ ప్రింట్ అయితే చుక్కలు లేకుండా రంగు నిండుగా, కాస్త మందంగా ఉంటుంది. ఇప్పటి ఇంక్‌జెట్ ప్రింట్‌లో చుక్కలకి ఒక వరస ఉండదు, చిలకరించినట్టు ఉంటాయి. అది కనపడితే పక్కన పెట్టెయ్యండి.

అల్ట్రావయొలెట్ లైటు వేసి కాగితం నీలంగా మెరిస్తే కొత్తదని కొందరు చెప్తారు. దాని ఒక్కదాని మీదే ఆధారపడకండి. కాగితాన్ని తెల్లగా మెరిపించే రసాయనాలు 1950ల నుంచే వాడుకలో ఉన్నాయి.

ఇంకో మాట. పోస్టర్ ఒకే ముక్క వినైల్ మీద, అంటే ప్లాస్టిక్ షీటు మీద ఉంటే అది అసలుది కాదు. బోర్డులు కాగితం నుంచి వినైల్‌కి మారింది ఎక్కువగా 1990లలో.

ధర ఎంత ఉండొచ్చు?

రేటు కార్డు లాంటిదేమీ లేదు. సెట్ పూర్తిగా ఉందా, మడతలు చిరిగాయా, నీటి మరకలున్నాయా, బొమ్మ ఎంత పేరున్నది అనే వాటిని బట్టి ఉంటుంది. నా లెక్కలో మాత్రం మొదటి ప్రశ్న మొదటిదే. చిరుగు బాగుచేయించుకోవచ్చు. లేని షీటుని ఎవరూ పుట్టించలేరు. అడిగిన ధర సరైనదో కాదో తెలియాలంటే వేలం సంస్థల పాత అమ్మకాల జాబితాలు చూడండి. అమ్మకానికి పెట్టిన ధర వేరు, నిజంగా అమ్ముడైన ధర వేరు.

పెద్దవి పెట్టే చోటు లేదు. చిన్నవి ఉంటాయా?

ఉంటాయి. ఇవే బొమ్మలు గోడకి పెట్టుకునే సైజు పోస్టర్లుగానూ వచ్చాయి. అపార్ట్‌మెంట్‌లో ఉండేవాళ్లకి అదే నా సలహా. వాటితోపాటు అన్‌కోలా గ్లాసు కూడా చూడండి. కోలా గ్లాసుని తలకిందులు చేసినట్టు ఉంటుంది, కింద వెడల్పు, పైన సన్నం. ప్రచారంలో చెప్పిందంతా ఆ ఒక్క గ్లాసులో ఉంది. వెతికితే ఇప్పటికీ దొరుకుతుంది.

ఎక్కడ వెతకాలి?

ఆన్‌లైన్ వేలం అందరికీ తెలిసిందే. నాకు మంచివి దొరికింది మాత్రం చిన్న ఊళ్లలో. మిస్సోరి, ఇల్లినాయ్, అయోవా వైపు ఊళ్లలో ఇంటి పెద్దలు పోయాక సామానంతా అమ్మేసే ఎస్టేట్ సేల్స్ జరుగుతుంటాయి. ప్రకటనలో ‘బాట్లింగ్’ అనే మాట కనపడితే పొద్దున్నే బయల్దేరతాను. చాలాసార్లు ఖాళీ చేతులతోనే వచ్చాను. ఒకసారి గ్యారేజీలో పెయింట్ డబ్బాల కింద రెండు కట్టలు దొరికాయి.

వెళ్లినప్పుడు ఆ ఇంటివాళ్లతో కాసేపు మాట్లాడండి. వాళ్ల నాన్న బాట్లింగ్ ప్లాంట్‌లో ఏం చేసేవారు, ఈ కట్ట ఇంటికి ఎలా వచ్చింది అని అడిగి, ఒక కాగితం మీద రాసి కట్టతోపాటే దాచండి. ఆ వివరం ఆ మనిషితోనే పోతుంది.

కట్ట ఇంటికి తెచ్చాక ముందు ఏం చెయ్యాలి?

తొందరపడి విప్పకండి. చలికాలంలో ఇక్కడ ఇళ్లలో హీటర్ వల్ల గాలి బాగా పొడిగా ఉంటుంది. అలాంటప్పుడు విప్పితే మడత దగ్గర కాగితం విరుగుతుంది. గాలిలో తేమ 45 శాతం దగ్గర ఉన్న గదిలో రెండు మూడు రోజులు కట్టని అలాగే వదిలెయ్యండి. తర్వాత చేతులు కడిగి ఆరబెట్టుకుని, ఒక్కొక్క షీటే, ఇద్దరు మనుషులు పట్టుకుని విప్పండి. యాసిడ్ లేని కాగితాల మధ్య పెట్టి పైన పల్చటి బరువు పెడితే కొన్ని వారాల్లో మడతలు కాస్త సాగుతాయి.

ఇస్త్రీ పెట్టె దగ్గరికి రానివ్వకండి. సెల్లోటేప్ అసలు వద్దు, దాని జిగురు పసుపు మరకై కాగితంలోకి ఇంకిపోతుంది, తర్వాత తియ్యడం చాలా కష్టం. బేస్‌మెంట్‌లో, అటకమీద పెట్టకండి. మళ్లీ మడత పెట్టాల్సి వస్తే పాత మడత మీదే పెట్టండి.

లినెన్ బ్యాకింగ్ చేయించాలా?

పోస్టర్ వెనక బట్ట అంటించి బలం ఇవ్వడాన్ని అలా అంటారు. మంచి పోస్టరైతే చేయించండి. పేరు లినెన్ అయినా ఇప్పుడు ఎక్కువగా వాడేది కాటన్ కాన్వాసే. దాని మీద యాసిడ్ లేని పల్చటి కాగితం, ఆ కాగితం మీద పోస్టర్, అన్నిటినీ గోధుమ పిండి జిగురుతో అంటిస్తారు. అవసరమైతే రేపు నీళ్లతో తడిపి మళ్లీ విడదీసుకోవచ్చు. వెనక్కి తిప్పలేని పని ఏదీ పాత కాగితం మీద చెయ్యకూడదన్నది ఈ రంగంలో వాళ్లంతా పాటించే నియమం.

నేను ఈ నియమం తెలియకముందు ఒక ఫ్రేముల షాపుకి ఒక చిన్న పోస్టర్ ఇచ్చాను. వాళ్లు వేడితో అంటుకునే జిగురు వేసి ఫోమ్ బోర్డుకి అతికించేశారు. చూడటానికి అద్దంలా చదునుగా వచ్చింది. రెండేళ్లకి లోపల బుడగలు లేచాయి. కాగితాలు బాగుచేసే ఒక నిపుణురాలికి చూపిస్తే, విడదియ్యాలంటే కాగితం పోతుంది అన్నారు. అందుకే ఎక్కడ ఇచ్చినా ముందు ఒక్క ప్రశ్న అడగండి. ‘దీన్ని మళ్లీ విడదియ్యొచ్చా?’ సూటిగా అవును అనకపోతే మీ పోస్టర్ మీరు తెచ్చేసుకోండి.

ఇంట్లో ఎలా పెట్టుకోవాలి?

మొత్తం పోస్టర్ పెట్టే గోడ మామూలు ఇంట్లో ఉండదు. నేను ఒకటి రెండు షీట్లే ఫ్రేములో పెట్టి, ఏడాదికోసారి మారుస్తాను. కంటి బొమ్మో, సీసా మెడో మాత్రమే ఉన్న షీటు విడిగా చూసినా అందంగానే ఉంటుంది. అల్ట్రావయొలెట్ ఆపే అద్దం వేయించండి. ఎండ పడే గోడ వద్దు. మెరిసే ఫ్లోరసెంట్ సిరాలు వాడినవి ఉంటే మరీ జాగ్రత్త, ఆ రంగులు అన్నిటికంటే ముందు వెలిసిపోతాయి. పోస్టర్ నేరుగా అద్దానికి తగలకుండా మధ్యలో కాస్త ఎడం ఉండాలి.

ఈ పోస్టర్లు ఇండియాలో ఎప్పుడైనా పెట్టారా?

లేదు. ఈ ప్రచారం నడిచినప్పుడు సెవెనప్ మన దగ్గర లేదు. పెప్సీ ద్వారా 1990 ప్రాంతంలో వచ్చింది. మన తరానికి గుర్తున్నది జుట్టు నిక్కబొడుచుకున్న ఫిడో డిడో బొమ్మ. అన్‌కోలా అనేది అమెరికా ముచ్చట, దాన్ని అలాగే ఉంచాలి. గోల్డ్‌స్పాట్, లిమ్కా, థమ్సప్ పాత ప్రకటనలు సేకరించేవాళ్లు మన దగ్గర ఉన్నారు. అది ఇంకో పెద్ద కథ, ఆ కథ తెలిసినవాళ్లు రాయాలి.

సూట్‌కేసులో ఇండియాకి తీసుకెళ్లొచ్చా?

బరువు సమస్య కాదు. 30 షీట్ పోస్టర్ మొత్తం దాదాపు 19 చదరపు మీటర్లు. చదరపు మీటరుకి 100 గ్రాముల కాగితం అనుకున్నా రెండు కిలోలు. సమస్య అక్కడి తేమ. విశాఖపట్నం, మచిలీపట్నం లాంటి చోట్ల వానాకాలంలో బూజు పట్టకుండా కాపాడటం చాలా కష్టం. ఎప్పుడూ ఏసీ నడిచే గది ఉంటే తప్ప తీసుకెళ్లకండి.

ఆ బొమ్మతో టీషర్టులు వేయించి అమ్ముకోవచ్చా?

పోస్టర్ మీదైనంత మాత్రాన బొమ్మ మీద హక్కు మీకు రాదు. 1978కి ముందు కాపీరైట్ గుర్తు లేకుండా ప్రచురించిన వాటిమీద అమెరికాలో కాపీరైట్ పోయిన సందర్భాలు ఉన్నాయి. కానీ సెవెనప్ పేరు, లోగో ట్రేడ్‌మార్కులు, అవి వేరే సంగతి. వ్యాపారం చేసే ఆలోచన ఉంటే లాయర్‌ని అడగండి.

కొనకుండా చూసి తెలుసుకోవాలంటే?

నార్త్ కరోలినా డర్హమ్‌లోని డ్యూక్ యూనివర్సిటీలో హార్ట్‌మన్ సెంటర్ ఉంది. జె. వాల్టర్ థాంప్సన్ సంస్థ పాత రికార్డులు అక్కడ ఉన్నాయి. బిల్‌బోర్డ్ ప్రకటనల పెద్ద సేకరణ కూడా ఉంది, అందులో చాలా ఫొటోలు ఇంట్లో కూర్చునే ఆన్‌లైన్‌లో చూడొచ్చు. ఆ చుట్టుపక్కల తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు, ముందుగా కబురు పంపి ఒకరోజు వెళ్లి రండి. సిన్సినాటిలో అమెరికన్ సైన్ మ్యూజియం ఉంది. అక్కడ ఎక్కువగా నియాన్ బోర్డులు, పెయింట్ బోర్డులు. పిల్లలతో వెళ్లడానికి చాలా బావుంటుంది.

నా దగ్గర ఒకే ఒక్క షీటు ఉంది. దేనికైనా పనికొస్తుందా?

పారెయ్యకండి, దయచేసి. అంచు మీద నంబర్ ఎంతో చూడండి. ఆ నంబర్ లేక ఎక్కడో ఇంకొకరి సెట్ ఆగిపోయి ఉండొచ్చు. ఎదురుగా ఒక ఫొటో, అంచుకి దగ్గరగా ఒక ఫొటో తీసి, సేకరించేవాళ్లకి చూపించండి. ఆకుపచ్చ సీసా మెడ, దాని మీద మూత, పైన ఎడమవైపు నారింజ రంగు రెక్క అంచు కొంచెం ఉంటే మాత్రం ముందు నాకే చూపించండి.